గోడలోంచి పొడుచుకొచ్చిన ఇరవై మూడు ఇటుకలు

మార్చి 5, సోమవారం

ఈ ఉదయాన్ని ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోవాలి. పదింబావు దాకా అది మామూలు ఉదయమే.

ఆరున్నరకు లేచాను. కాఫీ పెట్టుకున్నాను. ప్రార్థన. రాత్రి కరిగిన మంచు తెల్లారేసరికి మళ్లీ గడ్డకట్టింది, సైకిలు వద్దనుకుని నడిచే వెళ్లాను. చర్చి తాళం తీసి హీటరు రెండు మీద పెట్టాను. మూడు మీద పెడితే సంఘ పెద్దలు ఉత్తరం రాస్తారు. నిన్నటి పాటల అంకెలు బోర్డు మీంచి తీసి పెట్టెలో సర్దాను. ఒక తొమ్మిది తక్కువైంది. వెతికితే ఆర్గన్ కింద దొరికింది. ఆర్గన్ వాయించేది మా చెల్లెలు బోదిల్. బాగా వాయిస్తే అంకెలు వాటంతటవే రాలతాయని దాని వాదన.

ఎనిమిదిన్నరకు సన్నటి నిలువు కిటికీలోంచి ఎండ దిగి బలిపీఠం వెనక గోడ మీద పడింది. గోడంతా పసుపు ఇటుక. పూత లేదు, పటం లేదు, సిలువ కూడా లేదు. ఇరవై మూడు ఇటుకలు మాత్రం అక్కడక్కడ సగం మేర ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఎండ పడితే ఒక్కోదానికి జానెడు నీడ. ముందు బెంచీలో కూర్చుని, రోజూలాగే, ఒక్కో ఇటుకకూ ఒక్కో మనిషిని తలచుకుని ప్రార్థించాను. నాలుగో వరుసలో రెండోది మా ఆయన తోమస్‌ది. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

తర్వాత బేకరీలో నాలుగు రొట్టెలు కొని, రోడ్డుకు అవతలున్న వృద్ధుల నివాసానికి వెళ్లాను. నాన్న అప్పటికే కత్తి పట్టుకుని కూర్చున్నాడు. పంటి గుర్తు పడేంత మందాన వెన్న రాసుకున్నాడు. నేను చరిత్ర పుస్తకం తీశాను. డిసెంబరుకు మా చర్చికి యాభై ఏళ్లు నిండుతాయి, ఆ సందర్భంగా వేసే చిన్న పుస్తకం రాయడం నా నెత్తిన పడింది. కట్టిన తాపీ మేస్త్రీ నాన్నే గనక ఒకసారి ఆయనకు చదివి వినిపిద్దామనుకున్నాను.

పదకొండో పేజీ చదివాను. "1967లో ఆర్కిటెక్ట్ వీన్‌గోర్ ఈ గోడ మీద ఇటుకలతో ఒక కీర్తన రాశాడు. ఒక్కో ఇటుక ఒక్కో స్వరం..."

నాన్న రొట్టె కింద పెట్టాడు. భుజాలు కదలడం మొదలైంది. దగ్గు అనుకుని నీళ్లిచ్చాను. దగ్గు కాదు.

"కీర్తనా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "అవి సీసాలు పెట్టుకోవడానికే అమ్మాయ్."

"ఏం సీసాలు?"

"బీరు సీసాలు. పరంజా పలక మీద పెడితే కాలు తగిలి దొర్లేవి. ఒకటి పాస్టరుగారి నెత్తి మీద పడబోయింది. అప్పట్నుంచి ఎవడి చేతికందేచోట వాడు ఒక ఇటుక బయటికి పెట్టుకున్నాడు. పనయ్యాక సుత్తితో కొట్టేసి చదును చేద్దామనుకున్నాం."

"మరి?"

"మరి ఏముంది, శుక్రవారం ఆ వీన్‌గోర్ చెప్పాపెట్టకుండా కోపెన్‌హాగన్ నుంచి దిగాడు. సీసాలన్నీ ప్యాంటు జేబుల్లో కుక్కుకున్నాం. పని ఊడిందనుకున్నాం. ఆయన గోడ చూశాడు. టోపీ తీశాడు. పది నిమిషాలు అలా నిలబడిపోయాడు. 'ఒక్కటి కూడా ముట్టుకోవద్దు' అని, రైలుకు టైమైందని వెళ్లిపోయాడు."

"మీరేమీ అనలేదా నాన్నా?"

"నోరు తెరిస్తే వాసనొస్తుందిగా!"

అప్పుడు పదింబావు. కప్పులు కడిగి, టేబులు తుడిచి ఇంటికొచ్చాను.

నాకేం కోపం రాలేదు.

మార్చి 6, మంగళవారం

నాన్నకు ఎనభై ఎనిమిదేళ్లు. ఈ వయసులో జ్ఞాపకాలు కలగాపులగం కావడం సహజం.

మార్చి 7, బుధవారం

నాన్న నిన్న కష్టమైన సుడోకు పెన్నుతో పూర్తి చేశాడని నర్సు చెప్పింది.

చర్చిలో కాఫీ మెషీన్ కడిగాను.

మార్చి 8, గురువారం

చర్చి పై అధికారుల నుంచి వచ్చిన ఉత్తరం మళ్లీ చదివాను. మా పాస్టరు కింద మూడు చర్చిలున్నాయి. ఆదివారం మా చర్చికి నాతో, బోదిల్‌తో కలిపి పద్నాలుగు మంది వస్తారు, వెచ్చబెట్టేది మాత్రం మూడు వందల మందికి సరిపడే హాలు. కాబట్టి మూసేద్దామంటున్నారు. కాపాడదగిన కట్టడాల జాబితాలోకి ఎక్కితే మాత్రం మూయరు. జాబితాలోకి ఎక్కాలా వద్దా అని నివేదిక రాసేది విబెక్కె అనే కట్టడాల పండితురాలు. ఈ నెల 22న వస్తోంది. పోయిన ఏడాది మా గోడ మీద ఏడు పేజీల వ్యాసం రాసిందీ ఆవిడే. స్వరాలు, కీర్తన, అన్నీ ఆ వ్యాసంలోవే. నేను పుస్తకంలోకి ఎత్తి రాశాను, అంతే.

గోడ పోతే మా చర్చికి మిగిలేది ఏమీ లేదు. 1968 దాకా రేవు జనం పాత చర్చికి ఆరు కిలోమీటర్లు నడిచేవారు. చేపల ఫ్యాక్టరీ చుట్టూ ఇళ్లు పెరిగాక ఈ చర్చి కట్టారు. ఒంటి వాలు కప్పు. గోపురం లేదు. గంట కోసం బయట విడిగా కాంక్రీటు స్తంభాలు. జనం వాటిని ఉరికంబం అన్నారు. చర్చిని గిడ్డంగి అన్నారు. తెరిచిన మొదటి వారంలోనే ఒక లారీ డ్రైవరు నలభై పెట్టెల చేపలు దించి, సంతకం పెట్టమని పాస్టరుగారిని అడిగాడు. ఇదంతా మూడో పేజీలో ఉంది. గోడ గురించి విబెక్కె రాసేదాకా ఊరంతా దాన్ని అసంపూర్తి పని అనుకునేది.

మధ్యాహ్నం నాన్న వాడిన మడత కొలబద్ద, దీపాలు మార్చే నిచ్చెన తీసుకుని చర్చికి వెళ్లాను. అనుమానం తీర్చుకోవడానికి కాదు. పుస్తకంలో కొలతలు ఉంటే బాగుంటుందని.

వరుసలు ఆరు. వరుసకూ వరుసకూ మధ్య నూట నలభై సెంటీమీటర్లు, పరంజా ఒక్కో అంతస్తు అంతే ఉంటుంది. నిచ్చెన అందని చోట ఇటుకలు లెక్కపెట్టాను. మేస్త్రీ కూతురిని, ఆ మాత్రం వచ్చు. ప్రతి వరుసలో రెండో ఇటుక మిగతావాటి కన్నా కిందికి. మూడోది పైకి. ప్రతిసారీ.

మా నాన్నతో పనిచేసిన ఎగోన్ బాబాయ్ పొట్టి. తోర్వాల్ గుమ్మంలో తల వంచి నడిచేవాడు.

నిచ్చెన మీదే కాసేపు కూర్చున్నాను.

మార్చి 9, శుక్రవారం

కాఫీ మెషీన్ మళ్లీ కడిగాను. ప్రశాంతంగానే ఉన్నాను.

మార్చి 11, ఆదివారం

నిన్న నాన్నను ఒక్క మాట అడిగాను. "ప్రతి వరుసకూ కుడి చివర అంత ఖాళీ ఎందుకు నాన్నా?" విబెక్కె తన వ్యాసంలో దాన్ని దేవుని మౌనం అంది.

"అక్కడ విల్లాస్ నిలబడేవాడు. వాడు తాగేవాడు కాదు. నిష్ఠాపరుడు."

"నాలుగో వరుసలో మూడే ఉన్నాయేం?" తప్పిపోయిన గొర్రె అని దానికొక పేజీ రాసిందావిడ.

"క్రెస్టెన్ ఆ వేళ పన్ను పీకించుకోవడానికి వెళ్లాడు."

ఈ రోజు ఆరాధనలో బోదిల్ ఎప్పటిలాగే ఆ గోడ రాగం వాయించింది. ఇటుకల ఎత్తుపల్లాలు చూసి తనే కట్టిన రాగం. నిజానికి చాలా బాగుంటుంది. ప్రతి చరణం చివర, కుడివైపు ఖాళీ దగ్గర, ఆగుతుంది. అందరూ కళ్లు మూసుకుంటారు. పద్నాలుగు మందీ దేవుని మౌనం వింటారు.

నాకు విల్లాస్ కనిపించాడు. చేతిలో పాలగ్లాసుతో.

తుమ్ము వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాను. రెండో చరణానికి రుమాలు సరిపోలేదు. బయటికి వెళ్లి ఉరికంబం కింద నిలబడ్డాను. దేవుడు క్షమించుగాక.

ఆరాధన అయ్యాక బోదిల్ అడిగింది. "ఏమైందే అక్కా? ఏడ్చావా? నేనంత బాగా వాయించానా?"

"జలుబు," అన్నాను.

యాభై ఏడేళ్ల వయసులో అబద్ధం.

మార్చి 13, మంగళవారం

అబద్ధం లోపల పెట్టుకుని నిద్ర పట్టదు. బోదిల్‌కూ తమ్ముడు తోర్కిల్‌కూ చెప్పేశాను. మా ఇంట్లో, కాఫీ దగ్గర.

తోర్కిల్ నాన్న తాపీ పని వ్యాపారమే నడుపుతున్నాడు. వాడి మూడు వ్యాన్ల మీదా, చొక్కా జేబు మీదా, ఉత్తరాల మీదా ఆ ఇటుకల చుక్కలే గుర్తు. కింద 'కీర్తన కట్టినవారు' అని రాయించాడు. విని కప్పు పక్కకు జరిపాడు.

"అక్కా, ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"దేవుడికి చెప్పాను."

"ఆయన పర్లేదు. ఇంకెవరికీ చెప్పకు."

బోదిల్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. "ఏడాదిగా వాయిస్తున్నాను. డిస్కు కూడా చేశాను. అంటే నేను వాయించింది..."

"నలుగురు మేస్త్రీల దాహం," అన్నాడు తోర్కిల్.

"నోర్ముయ్ రా. నీ వ్యాన్ల మీద ఉన్నది ఏంటో?"

"అందుకే కదా చెప్తున్నా! ఎవరూ నోరు విప్పకూడదు. విబెక్కె వస్తుంది, చూస్తుంది, రాస్తుంది, పోతుంది. చర్చి నిలుస్తుంది. ఎవరికి నష్టం?"

"నాన్న పుస్తకంలో వేయమంటున్నాడు," అన్నాను.

"నాన్న డిసెంబర్లో హీటరు మీద సాక్సు ఆరేసి నిప్పంటించాడు. ఆయన చెప్పినవన్నీ చేస్తామా?"

నాకు కోపం రాలేదు. కాఫీ మాత్రం వాడికి రెండోసారి పోయలేదు.

మార్చి 14, బుధవారం

నాన్నతో నెమ్మదిగా మాట్లాడాను. చర్చి మూతపడొచ్చని చెప్పాను. యాభై ఏళ్లు ఊరుకున్నవాడివి ఇంకో పది రోజులు ఊరుకోలేవా అన్నాను.

ఆయన నా కాగితాలు అడిగి తీసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో వరుసా చదివాడు. చాలాసేపు.

"వీన్‌గోర్ పేరు పంతొమ్మిది సార్లు వేశావు. ఎగోన్ పేరు ఎక్కడుంది?"

నేను పేజీలు తిరగేశాను.

"తోర్వాల్? క్రెస్టెన్? విల్లాస్ సంగతి? వాడు తాగకపోయినా ఇటుక మోశాడు కదా. ఆ చలిలో సున్నానికి చేతులు పగిలి నెత్తురు కారేది. మొత్తం ఐదుగురం. నలుగురూ పోయారు. నేనూ పోయాననుకో, ఇక అది కీర్తనే అయిపోతుంది."

"నాలుగో వరుసలో రెండోది ఎవరిది నాన్నా?"

"రెండోది ఎప్పుడూ ఎగోన్‌దే. ఏం?"

"ఏం లేదు."

ఎగోన్ బాబాయ్‌కి పెళ్లి కాలేదు. పిల్లల్లేరు. ఆయన అంత్యక్రియలకు ఆరుగురం వెళ్లాం, అందులో ఒకరు పాస్టరు. ఆయన పేరు తలచుకుని ప్రార్థించేవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు. తొమ్మిదేళ్లుగా ఆయన ఇటుక మీద తోమస్‌ను పెట్టుకున్నాను.

మార్చి 15, గురువారం

నాలుగో వరుస, రెండో ఇటుక: తోమస్, ఎగోన్. తోమస్‌కు అభ్యంతరం ఉండదు. ఆయనకూ బీరు ఇష్టమే.

మార్చి 18, ఆదివారం

బోదిల్ గోడ రాగం వాయించలేదు. వేళ్లు నొప్పి అంది. వచ్చినవాళ్లంతా నిరాశపడ్డారు. ఒకావిడ ఆ మౌనం కోసమే వస్తానని నాతో చెప్పింది.

కాఫీ మెషీన్ గురించి రాయను.

మార్చి 21, బుధవారం

తోర్కిల్ వచ్చాడు. రేపు పదకొండుకు విబెక్కె వస్తుంది కాబట్టి, అదే పదకొండుకు నాన్నకు పాదాల డాక్టరమ్మను ఏర్పాటు చేశాడట.

"గోళ్లు తీయడానికి గంట పడుతుంది. ఆయన గోళ్లు నువ్వు చూశావుగా."

"ఇది మోసం రా."

"ఇది పరిశుభ్రత."

మార్చి 22, గురువారం

పదకొండుకు విబెక్కె వచ్చింది. నల్ల కోటు, నారింజరంగు కళ్లజోడు. తోర్కిల్ కొత్త చొక్కా వేసుకుని నిలబడ్డాడు, జేబు మీద చుక్కలు కనబడేలా. బోదిల్ ఆర్గన్ దగ్గర. నేను కాఫీ దగ్గర. ఆవిడ గోడ ముందుకు వెళ్లి తల పైకెత్తి అలాగే నిలబడిపోయింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం చూశాను.

పదకొండుంబావుకు తలుపు తెరుచుకుంది. చక్రాల కుర్చీలో నాన్న. ఒక కాలికి బూటు, ఒక కాలికి సాక్సు. తోసుకొచ్చింది పాదాల డాక్టరమ్మే. "సగంలో ఉన్నాం, కానీ ఈయన కథ చెప్పారు, నాకూ ఆ గోడ చూడాలనిపించింది," అంది.

తోర్కిల్ బలిపీఠం వైపు చూశాడు. వాడు ప్రార్థించడం చిన్నప్పటి తర్వాత నేను చూడటం ఇదే.

నాన్న మొత్తం చెప్పాడు. పరంజా, పాస్టరుగారి నెత్తి, ప్యాంటు జేబులు, పన్ను. వేలితో చూపిస్తూ ఒక్కో ఇటుకకూ మనిషి పేరు చెప్పాడు. విబెక్కె నవ్వింది. హాయిగా, ఆప్యాయంగా నవ్వింది.

"ఎంత బాగుంది! పనివాళ్ల వినయం ఎప్పుడూ ఇంతే. గొప్ప పని చేసి జోకు వెనక దాక్కుంటారు. ఇది కూడా రాసుకుంటాను, స్థానిక కథనం అని."

నాన్న నా వైపు తిరిగాడు. "నిజం చెప్తుంటే నవ్వుతుందేమే ఈవిడ?"

విబెక్కె కూడా నా వైపే తిరిగింది. "మీరు చెప్పండి ఎల్సెబెత్. మీ నాన్నగారు సరదాకి అంటున్నారు కదూ?"

ఆవిడ వెనక నుంచి తోర్కిల్ తల అడ్డంగా ఊపుతున్నాడు. మెడ విరుగుతుందేమో అనిపించింది. బోదిల్ ఏమీ తోచక ఆర్గన్ మీద చెయ్యి వేసింది, ఒక పెద్ద మోత మోగి ఆగింది. పాటల బోర్డు మీంచి ఒక అంకె రాలిపడింది.

అవును అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం నా దగ్గర ఉంది. గోడ వైపు చూశాను. యాభై ఏళ్లు, పద్నాలుగు మంది, నేను రోజూ తీసే తలుపు.

"సరదాకి కాదు," అన్నాను. "నేను కొలిచాను."

సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. వరుసల దూరం. ఎగోన్ ఎత్తు. తోర్వాల్ ఎత్తు. ఆవిడ చదివింది. మళ్లీ చదివింది. ముందు బెంచీలో కూలబడింది.

"దేవుని మౌనం..." అంది మెల్లగా.

"విల్లాస్," అన్నాడు నాన్న. "మంచివాడు. పాలు తాగేవాడు."

"దీని మీద జర్మనీలో రెండుసార్లు ఉపన్యాసమిచ్చాను నేను."

"జర్మనీ వాళ్లు బీరు అర్థం చేసుకుంటారమ్మా," అన్నాడు నాన్న ఓదార్పుగా.

నేను ఆవిడకు కాఫీ ఇచ్చాను. రెండు కప్పులు తాగింది. తర్వాత కళ్లజోడు తుడుచుకుని తిన్నగా మాట్లాడింది. పోయిన ఏడాది వ్యాసం ప్రకారమే నివేదిక రాస్తే చర్చి దాదాపు నిలిచినట్టే. ఈ సంగతి రాస్తే కమిటీ ఏమంటుందో తనకే తెలియదు. నవ్వి పక్కన పడేయొచ్చు. ఇది కట్టడకళే కాదనొచ్చు. నిజం తెలిశాక పాతది రాయడం తనకు ఇష్టం లేదు, కానీ మేస్త్రీ వాంగ్మూలం కుటుంబం సంతకాలతో లేకపోతే తాను విన్నది ఒక జోకు మాత్రమే, జోకును నివేదికలో పెట్టడం కుదరదు. "రేపు మధ్యాహ్నంలోగా చెప్పండి," అంది. వెళ్తూ నాన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

సాయంత్రం ఆరుకు బోదిల్ ఇంట్లో కూర్చున్నాం. మాంసం ఉండలు, బంగాళాదుంపలు. మొదటి పావుగంట ఎవరూ మాట్లాడలేదు, నాన్న తప్ప. ఆయన ఉప్పు అడిగాడు.

"చర్చి పోతుంది," అన్నాడు తోర్కిల్. "పోయాక అందరూ మనవైపే వేలు చూపిస్తారు. నా వ్యాన్లు చూసి పిల్లలు నవ్వుతారు."

"వ్యాను మీద సీసా బొమ్మ కూడా వేయించరా. పని ఇంకా పెరుగుతుంది," అన్నాడు నాన్న.

"నాకు రాగం పోతుందేమోనని భయమేసింది," అంది బోదిల్. "పొద్దున నాన్న వేలు పెట్టి చూపిస్తూ పేర్లు చెప్తుంటే నా చెవిలో అదే రాగం నడిచింది. అది ఎక్కడికీ పోలేదు. నేను సంతకం పెడతాను."

అందరూ నన్ను చూశారు. అక్కను కాబట్టి చివరికి నా దగ్గరికే వస్తుంది.

"ఆ గోడ ముందు తొమ్మిదేళ్లు ప్రార్థించాను," అన్నాను. "అవి సీసాల ఇటుకలని నాకు తెలియదు. దేవుడికి తెలుసు. అయినా ఒక్క ప్రార్థననూ వెనక్కి పంపలేదు."

తోర్కిల్ ఇంకో మాంసం ఉండ తీసుకున్నాడు. అంటే వాదన అయిపోయిందని.

నిర్ణయాలు ఇవి. వాంగ్మూలం నాన్న మాటల్లోనే వెళ్తుంది. పుస్తకంలో పదకొండో పేజీ మళ్లీ రాస్తాను, ఐదుగురి పేర్లతో. వీన్‌గోర్ పేరూ ఉంటుంది, టోపీ తీసినందుకు. ముగ్గురు ఔను, ఒకడు కాదు. కాదన్నవాడు కూడా సంతకం పెట్టాడు, పెన్ను గట్టిగా నొక్కి.

చర్చి మూతపడితే చివరి ఆరాధనకు నలుగురమూ కలిసి వెళ్తాం. మూతపడదని తేలితే ఆ ఆదివారం నుంచే నలుగురమూ వెళ్తాం. అప్పుడు పద్నాలుగు కాదు, పదహారు అవుతాం.

"ఎటైనా నాకు ఇస్త్రీ చొక్కా కావాలి," అన్నాడు నాన్న.

ఇస్త్రీ తోర్కిల్ చేయాలని నిర్ణయించాం. అది మాత్రం ఏకగ్రీవం. ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు వాడు బయట వ్యాను దగ్గర ఉన్నాడు.